సోదరుడెవరు? - దివ్యజ్ఞాన సమాజపు 1924 తీర్మానంపై ఒక విమర్శ

మదరాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వెలువరించే 'ది థియాసఫిస్ట్' పత్రికలో దశాబ్దాలుగా ఒక ప్రకటన అచ్చవుతూ వచ్చింది. 'ఆలోచనా స్వాతంత్ర్యం' అని దాని శీర్షిక. సమాజపు సాధారణ మండలి 1924 డిసెంబరు 23న ఆమోదించిన తీర్మానమది. దాని సారాంశాన్ని నా మాటల్లో చెబుతాను. సమాజం ప్రపంచమంతటా వ్యాపించింది. అన్ని మతాలవారూ తమ తమ మతాలను విడనాడకుండానే అందులో సభ్యులైనారు. కనుక ఏ సిద్ధాంతమైనా సరే, దానిని ఎవరు బోధించినా సరే, సభ్యుడు దానిని విశ్వసించి తీరాలన్న నిర్బంధం లేదు. మేడమ్ బ్లావట్‌స్కీ మొదలుకొని ఏ గురువుకూ, ఏ రచయితకూ తన అభిప్రాయాలను సభ్యులపై రుద్దే అధికారం లేదు. సమాజపు మూడు ఆశయాలను అంగీకరించటమే సభ్యత్వానికి ఏకైక షరతు.

ఆ మూడు ఆశయాలు 1896 నాటికి స్థిరపడినవి. జాతి, మతం, స్త్రీపురుష భేదం, కులం, వర్ణం అనే తారతమ్యాలు లేని విశ్వమానవ సోదరత్వానికి ఒక బీజకేంద్రంగా ఏర్పడటం మొదటిది. మతాలను, తత్త్వశాస్త్రాన్ని, విజ్ఞానశాస్త్రాన్ని తులనాత్మకంగా అధ్యయనం చేయటాన్ని ప్రోత్సహించటం రెండవది. ప్రకృతిలో ఇంకా వివరించబడని నియమాలను, మానవునిలో నిగూఢంగా ఉన్న శక్తులను పరిశోధించటం మూడవది.

ఇస్లామీయ అధ్యయనాల పత్రికలో ఈ తీర్మానానికి చోటెందుకని పాఠకులు అడగవచ్చు. నేను కార్వేటినగరంలో ఉంటున్నాను. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, ఉత్తర ఆర్కాటు జిల్లాలోని మా కార్వేటినగరం జమీందారీ, కడప జిల్లాలోని మదనపల్లె ఒకే జిల్లా గొడుగు కిందికి వచ్చినాయి. దివ్యజ్ఞాన సమాజపు చరిత్రను మలుపు తిప్పిన జిడ్డు కృష్ణమూర్తి ఆ మదనపల్లెలోనే 1895లో జన్మించారు. అనిబిసెంటు పేరుతో అక్కడ కళాశాల ఉన్నది. కనుక ఈ సమాజం మాకు దూరపు విషయం కాదు. కాని అసలు కారణం అది కాదు.

మా ఊరినుంచి బస్సులో పోయిరాగల దూరంలో ఒక చిన్న జమాఅత్ ఉన్నది. ఊరి పేరు చెప్పను. కొన్నేళ్ళ క్రితం ఆ జమాఅత్‌వారు తమ అంజుమన్‌కు నియమావళి వ్రాసిపెట్టమని నన్ను కోరారు. సభ్యత్వపు నిబంధనలో, సభ్యుడు 'పెద్దలచే ఆమోదించబడిన అఖీదా' గలవాడై ఉండాలని వ్రాశాను. ఆ మాట అప్పుడు ఎవరికీ అభ్యంతరకరంగా తోచలేదు. నాకూ తోచలేదు. రెండేళ్ళు తిరగకముందే, ముప్పై ఏళ్ళపాటు ఆ ఊరి పిల్లలకు ఖుర్‌ఆన్ పారాయణం నేర్పిన ఒక ఉస్తాద్ పేరు సభ్యుల పట్టికనుంచి తొలగించబడింది. ఆయన వేరొక వర్గంవారి ఇజ్తిమాకు వెళ్ళివచ్చారన్నది కారణం. కొంతకాలానికి ఆయన భార్య జబ్బుపడి ఆసుపత్రిలో చేరినప్పుడు, బైతుల్‌మాల్ సహాయం సభ్యుల కుటుంబాలకేనంటూ అర్జీ తిప్పి పంపారు. రెండు సందర్భాల్లోనూ చూపినది నా వాక్యాన్నే.

ఆ తరువాతనే అడయారు తీర్మానాన్ని శ్రద్ధగా చదివాను. మనకు లేని వెడల్పు ఏదో అక్కడ ఉన్నదేమో చూద్దామనే చదివాను.

ముందుగా ఆ తీర్మానానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. 1875లో న్యూయార్కులో ఈ సమాజం పుట్టినప్పుడు దాని నియమాలలో సోదరత్వపు ఊసే లేదు. విశ్వాన్ని నడిపే నియమాలను గురించిన జ్ఞానాన్ని సేకరించి వ్యాపింపజేయటమే అప్పటి లక్ష్యం. సోదరత్వం తరువాత వచ్చి మొదటి స్థానాన్ని ఆక్రమించింది. వచ్చినప్పుడు కూడ తానే విశ్వసోదరత్వమని చెప్పుకోలేదు, దానికి బీజకేంద్రాన్ని మాత్రమేనని చెప్పుకున్నది. ఆ వినయం మెచ్చదగినది. కులమనే మాటను, స్త్రీపురుష భేదమనే మాటను ఆ కాలంలో, ఈ దేశంలో, కాగితంమీద అచ్చువేసి నిలబెట్టటం కూడ తక్కువ పని కాదు. అడయారు తోటలో ఇతర మతాల ప్రార్థనామందిరాలతోపాటు ఒక చిన్న మసీదు కూడ ఉన్నది. అనిబిసెంటు ఇస్లాంను గురించి చేసిన ఉపన్యాసాలు, ఆనాటి అనేకమంది ఐరోపా రచయితల వ్రాతలతో పోలిస్తే, ఎంతో మర్యాదగలవి. దైవప్రవక్త (స) వ్యక్తిత్వాన్ని ఆమె నిండు గౌరవంతో ప్రస్తావించింది. ఇవన్నీ ఒప్పుకోకుండా విమర్శకు దిగటం న్యాయం కాదు.

అయితే, 'మా వద్ద నిర్బంధ సిద్ధాంతమేదీ లేదు' అని ఒక సంఘం ప్రకటించినంత మాత్రాన అక్కడ సిద్ధాంతం లేకుండా పోతుందా? ఈ ప్రశ్నకు తీర్మానపు వాక్యాలలో జవాబు దొరకదు. దానికి ముందూ వెనుకా జరిగిన సంగతులను చూడాలి.

1888లోనే బ్లావట్‌స్కీ ఒక అంతరంగ విభాగాన్ని నెలకొల్పింది. అందులో చేరేవారు ప్రతిజ్ఞ చేయాలి, రహస్యం పాటించాలి. సమాజానికీ దీనికీ అధికారికంగా సంబంధం లేదని చెప్పేవారు. కాని 1907లో సమాజాధ్యక్షురాలైన అనిబిసెంటే ఈ అంతరంగ విభాగానికీ అధినేత్రి. వీధి గుమ్మంమీద 'ఎవరైనా రావచ్చు' అనే బల్ల, లోపలి గదికి ప్రతిజ్ఞ. రెండు తాళపుచెవులూ ఒకే చేతిలో ఉన్నప్పుడు, సంబంధం లేదన్న మాటకు నియమావళిలోనే విలువ ఉంటుంది, ఇంట్లో ఉండదు.

1911లో కృష్ణమూర్తి అధిపతిగా తారా సంఘం ఏర్పడింది. రాబోయే జగద్గురువుకు దారి సిద్ధం చేయటం దాని పని. జర్మనీ శాఖకు నాయకుడైన రుడాల్ఫ్ స్టైనర్ దీనిని అంగీకరించలేదు. తారా సంఘంలో ఉన్నవారు తమ శాఖలో ఉండరాదని ఆ శాఖవారు నిర్ణయించారు. 1913లో అడయారు ఆ శాఖ అధికారపత్రాన్ని రద్దు చేసింది. చెప్పిన కారణమేమిటి? జర్మనులు సభ్యుల ఆలోచనా స్వాతంత్ర్యాన్ని భంగపరిచారట! ఒక విశ్వాసాన్ని కాదన్నందుకు జర్మనులు కొందరిని వెళ్ళగొట్టబూనారు, స్వాతంత్ర్యం పేరుతో అడయారు జర్మనులను వెళ్ళగొట్టింది. ఎవరిది తప్పు అని తేల్చటం నా ఉద్దేశం కాదు. నిజానికి ఇరువైపులా తప్పున్నది. సిద్ధాంతం లేదన్న సంఘంలో సిద్ధాంతంపైనే చీలిక వచ్చిందన్నది గమనించదగిన విషయం. 1922లో బి.పి. వాడియా రాజీనామా చేసి వెళ్ళినప్పుడూ వివాదం ఇటువంటిదే. సమాజం తన మూల బోధలనుంచి తొలగిపోయిందని ఆయన ఆరోపణ. మూల బోధలంటూ లేని చోట తొలగిపోవటం ఎలా సాధ్యం?

ఇక తీర్మానపు తేదీని చూడండి. 1924 డిసెంబరులో, ఎవరి బోధా నిర్బంధం కాదని మండలి తీర్మానించింది. 1925 ఆగస్టులో, అనగా ఎనిమిది నెలలైనా నిండకముందే, హాలండులోని ఓమెన్ శిబిరంలో అధ్యక్షురాలు జగద్గురువు శిష్యుల పేర్లను బహిరంగంగా ప్రకటించింది. అతీంద్రియ మార్గంలో తమకందిన సమాచారమే ఆ ప్రకటనకు ఆధారం. ఒక ముస్లిం సభ్యుడు ఆ సభలో ఉన్నాడనుకొందాం. ముహమ్మద్ (స) అంతిమ ప్రవక్త అని అతని విశ్వాసం. తీర్మానం ప్రకారం అతని విశ్వాసానికి ఏ ఆటంకమూ లేదు. కాని వేదికమీద ఉన్నవారంతా కొత్త గురువు రాకను చాటుతున్నప్పుడు, లేచి 'నేను నమ్మను' అని చెప్పి, మరునాడు అదే పంక్తిలో మునుపటి ఆదరణతో కూర్చోగలడా? నిర్బంధం కాగితంమీదనుంచి గాలిలోకి మారింది. కాగితంమీది నిర్బంధంతో వాదించవచ్చు, గాలితో వాదించలేము.

'అన్ని మతాలకూ మూలం ఒకే సనాతన రహస్యజ్ఞానం' అనే మాట కూడ ఒక సిద్ధాంతమే. దానిని ఒప్పుకున్నవానికి ఇస్లాం అనేక దారులలో ఒకటి అవుతుంది. ఒప్పుకోనివానిని ఎవరూ బహిష్కరించరు, నిజమే. కాని అతడు ఇంకా ఎదగవలసినవాడుగా లెక్కించబడతాడు. సమాజపు ఆదర్శవాక్యంలో కూడ ఇటువంటి జారుడు ఒకటున్నది. కాశీ మహారాజుల సంస్కృత వాక్యంలో ఉన్నది 'ధర్మం'. ఇంగ్లీషులోకి పోయేసరికి అది 'మతం' అయింది. సత్యాన్ని మించిన ధర్మం లేదనటం వేరు, సత్యాన్ని మించిన మతం లేదనటం వేరు. (మనమూ 'దీన్' అనే మాటను మతమని అనువదించి ఇటువంటి నష్టాన్నే కొని తెచ్చుకొంటున్నాము. అది మరొక వ్యాసానికి తగిన విషయం.)

నా దృష్టిలో వీటన్నిటికంటె పెద్ద లోపం మరొకటి. ఏమి నమ్మనవసరం లేదో తీర్మానం వివరంగా చెప్పింది. ఒక సోదరుడు ఇంకొక సోదరునికి ఏమి బాకీపడి ఉన్నాడో ఒక్క మాట చెప్పలేదు. దీనికి కృష్ణమూర్తి తండ్రి కథకు మించిన ఉదాహరణ లేదు. జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసినవారు, 1882నుంచి దివ్యజ్ఞాన సమాజీకులు. 1905లో భార్య పోయింది. ఉద్యోగ విరమణ తరువాత, పిల్లల చదువుకోసం, అడయారులో ఏదైనా పని ఇప్పించి వసతి కల్పించమని అనిబిసెంటును ప్రాధేయపడి, 1909 జనవరిలో పిల్లలతో అక్కడికి చేరారు. ఆ ఏడాదే లెడ్‌బీటర్ కంట కుమారుడు పడ్డాడు. 1910లో తండ్రి సంరక్షకత్వపు పత్రంమీద సంతకం చేశారు. 1912లో పిల్లలను తిరిగి ఇప్పించమని దావా వేశారు. 1913లో హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పింది. 1914లో లండను ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసింది.

ముప్పై ఏళ్ళుగా సభ్యుడైన వ్యక్తి ఒకవైపు, అదే సమాజపు అధ్యక్షురాలు మరొకవైపు. వారిద్దరి నడుమ విశ్వసోదరత్వం ఉన్నది. కాని తగవు తీర్చటానికి ఆ సోదరత్వంలో ఒక్క నియమమైనా లేదు. చివరికి సముద్రం దాటి కోర్టుకు పోవలసి వచ్చింది. ఆ తండ్రి వాదనలన్నీ సరైనవని నేననటం లేదు. ఆయన ఎవరివద్దకు వెళ్ళి 'సోదరా, నా హక్కేమిటి?' అని అడగాలన్నదే ప్రశ్న. 1929 ఆగస్టు 3న కృష్ణమూర్తి అదే ఓమెన్‌లో తారా సంఘాన్ని రద్దు చేసి, కానుకలుగా వచ్చిన ఆస్తులను తిరిగి ఇప్పించివేశారు. తీర్మానం మాటల్లో చెప్పినదానిని ఆయన చేతల్లో చూపి, పిమ్మట సమాజాన్నే వదిలి వెళ్ళారు. ఈ మొత్తం చరిత్రలో తీర్మానాన్ని అక్షరాలా పాటించినవాడు వెళ్ళిపోయినవాడే కావటం విచిత్రం.

ఇక మన సంగతి. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చిన తొలి రోజులలో ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య ముఆఖాత్, అనగా సోదర సంబంధం, కలిపారు. జత జతగా, పేరు పేరునా కలిపారు. 'మానవులంతా సోదరులు' అని ఒక వాక్యం చెప్పి ఊరుకోలేదు. సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం తీసుకొమ్మని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో అన్నారు. ఆయన వద్దని, బజారుకు దారి చూపమన్నారు. ఇచ్చేవాని బాధ్యతా అక్కడ స్పష్టం, పుచ్చుకొనేవాని ఆత్మగౌరవమూ స్పష్టం. ఈ సోదరులు తొలుత ఒకరికొకరు వారసులు కూడ అయ్యేవారు. తరువాత అన్ఫాల్ సూరా చివరి ఆయత్ రక్తబంధువులకే వారసత్వపు హక్కును నిర్ధారించింది. అంటే సోదరత్వంలో ఏది చట్టం, ఏది ఔదార్యం అన్న హద్దుకూడ అప్పుడే గీయబడింది. అబూదర్దా (రజి) ఇల్లూ భార్యా పట్టించుకోకుండా ఉపవాసాలలో, రాత్రి నమాజులలో మునిగిపోతే, ఆయన జత సోదరుడైన సల్మాన్ (రజి) ఇంటికి వచ్చి మందలించారు. దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పిందే నిజమన్నారు. ఇద్దరికీ ఆచరణ విషయంలో భేదాభిప్రాయం వచ్చింది. పట్టికనుంచి ఎవరి పేరూ పోలేదు.

మదీనా ఒడంబడికను హైదరాబాదులో 1908లో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ప్రపంచంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగంగా పరిచయం చేశారు. అందులో విశ్వాసాల వివరణ చాలా తక్కువ. రక్తపరిహారం ఎవరు చెల్లించాలి, బందీని ఎవరు విడిపించాలి, అప్పుల భారంతో కుంగినవానిని విశ్వాసులు ఒంటరిగా వదలరాదు - ఇవీ దాని నిబంధనలు. యూదుల ధర్మం యూదులది, ముస్లిముల ధర్మం ముస్లిములది అని స్పష్టం చేసి, ఉభయుల బాధ్యతలనూ లెక్కకట్టింది. అడయారు తీర్మానం పక్కన ఈ పత్రాన్ని పెట్టి చూస్తే, ఒకటి విశ్వాసం విషయంలో ఇచ్చిన వెసులుబాట్ల పట్టిక, మరొకటి బాకీల పట్టిక.

ఈ మాట వ్రాసి సంతోషపడి ఊరుకొంటే అది ఆత్మవంచన. మన గడపమీద వ్రాసిన మాట మొదట చిన్నదే. మన నమాజు చేసి, మన ఖిబ్లావైపు తిరిగి, మనం జబహ్ చేసినది తినేవాడు ముస్లిమనీ, అతనికి అల్లాహ్, ఆయన ప్రవక్త రక్షణ ఉన్నదనీ బుఖారీ హదీసు. యుద్ధంలో కలిమా పలికినవానిని, భయంతో పలికాడని భావించి చంపిన ఉసామా (రజి)ను, అతని గుండె చీల్చి చూశావా అని దైవప్రవక్త (స) నిలదీశారు. అటువంటి ఉమ్మత్‌లో, 'ఆమీన్' బిగ్గరగా అన్నందుకు తోటి నమాజీలను కోర్టుకు ఈడ్చారు. 1885లో ఆ కేసు అలహాబాదు హైకోర్టుకు వచ్చినప్పుడు, సర్ సయ్యద్ కుమారుడు జస్టిస్ సయ్యద్ మహమూద్ ఫిఖహ్ గ్రంథాలు తిరగవేసి, అది నేరం కాదని వివరించవలసి వచ్చింది. మసీదు ఏ ఒక్క వర్గానికీ సొంతం కాదని 1889లో అదే కోర్టు చెప్పింది. మన గడపమీది మాటను మనకు కోర్టు చదివి వినిపించింది.

1953 నాటి పంజాబు అల్లర్లపై పాకిస్తానులో విచారణ జరిపిన జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ తమ 1954 నివేదికలో ఒక సంగతి వ్రాశారు. ముస్లిం అంటే ఎవరో నిర్వచించమని ఉలమాను అడిగితే, ఒకరి నిర్వచనం మరొకరితో కలవలేదు. ఒకరిది అంగీకరిస్తే మిగిలినవారి లెక్కలో మనం బయటివారమవుతాము. ఆ నివేదిక వైఖరిపై ఎన్నో అభ్యంతరాలు వచ్చినాయి. అందులో కొన్ని సబబైనవి. విశ్వాసాన్ని సాక్షి బోనులో నిలబెట్టి ఒక వాక్యంలో చెప్పమనటం కూడ ఒక రకం అన్యాయమే. అయినా ఆ అసౌకర్యాన్ని తప్పించుకోలేము. ఐదు దశాబ్దాల తరువాత, 2005 జూలైలో అమ్మాన్‌లో సుమారు యాభై దేశాలనుంచి వచ్చిన దాదాపు 200 మంది పండితులు ఎనిమిది మజ్‌హబ్‌లను పేర్కొని, వాటిని అనుసరించేవారిని ఇస్లాంనుంచి వెలివేయరాదని ప్రకటించారు. మంచి పనే. కాని దానిని అమలుపరిచే వ్యవస్థ ఏదీ లేదు. మా జిల్లాలోని అంజుమన్ కార్యాలయాలలో ఆ ప్రకటన ప్రతిని నేనింతవరకు ఒక్కచోట కూడ చూడలేదు.

ఇప్పుడు నా వాక్యాన్ని మళ్ళీ చదువుతున్నాను: 'పెద్దలచే ఆమోదించబడిన అఖీదా'. ఎవరు ఆ పెద్దలు? ఎప్పుడు ఆమోదించారు? ఎక్కడ వ్రాసిపెట్టారు? మూడింటికీ జవాబు లేదు. కలిమా అని వ్రాసి ఉంటే ఎవరూ ఉస్తాద్‌ను తొలగించగలిగేవారు కాదు. ఏ షరతూ లేదని వ్రాసినా అడయారులో జరిగినట్లే జరిగేది. కమిటీ అభిప్రాయమే గాలిలో షరతై ఉండేది. నేను వ్రాసినది రెంటికంటె చెడ్డది. షరతు ఉన్నదన్నది, అది ఏదో చెప్పలేదు, చెప్పే అధికారం మాత్రం ఏడుగురి చేతిలో పెట్టింది.

గత నెలలో ఆ అంజుమన్‌కు లిఖితపూర్వకంగా ఒక సవరణ పంపాను. సభ్యత్వానికి కలిమా, ఆ మసీదులో నమాజుకు రావటం, ఈ రెండే షరతులు. మజ్‌హబ్ భేదంవల్లగాని, ఏ సభకో వెళ్ళాడన్న కారణంవల్లగాని పేరు తొలగించరాదు. బైతుల్‌మాల్ సహాయం సభ్యత్వాన్ని బట్టి కాక అవసరాన్ని బట్టి ఇవ్వాలి. తొలగింపబడినవాడు తన మాట చెప్పుకోవటానికి బయటి ఊరి ఆలిమ్ ఒకరితో కూడిన ముగ్గురు సభ్యుల పంచాయతీ ఉండాలి.

అంజుమన్ సదర్ సాహెబ్ మర్యాదగానే మాట్లాడారు. 'ఆమోదించబడిన' అన్న మాట తీసివేస్తే రేపు ఎవరు పడితే వారు వస్తారు గదా అని అడిగారు. ఎవరు వస్తారో ఒక్క పేరు చెప్పండి సాహెబ్ అన్నాను. ఆలోచించి చెబుతానన్నారు. సర్వసభ్య సమావేశం రంజాన్ తరువాత ఉన్నది. సభ్యుల పట్టికలో పేరు లేదు గనుక ఉస్తాద్‌కు నోటీసు పోదు.